బొట్టు పెట్టిన తొట్టి

మా మావయ్యగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన నీళ్లని చూస్తే ఊరుకోలేరు.

మిగతా మగవాళ్లకి పేకాట, రాజకీయాలు, పక్కింటివాళ్ల స్కూటర్ మైలేజీ లాంటి నిరపాయకరమైన వ్యసనాలుంటాయి. బసవపున్నయ్యగారికి కాలువలు. స్నానాలగది నీళ్లని అరటిచెట్టుకి, అంట్లు తోమిన నీళ్లని కరివేపాకుకి, చూరు నీళ్లని దానిమ్మకి మళ్లించాక కూడా ఆయన మనసు నిండలేదు. ఒకరోజు బియ్యం కడిగిన నీళ్లు పారబోద్దామని వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి పార పట్టుకుని ఎదురుగా నిలబడి, ఇటు పొయ్యమ్మా, ఇటు వాలుంది అన్నారు. గుడివాడ దగ్గర వరిచేలకి నీళ్లు పెట్టీ పెట్టీ పెద్దవాడైన మనిషి. బందరు వచ్చి, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల షెడ్డు కొనుక్కుని, ప్రొప్రైటరుగారు అనిపించుకున్నా ఆ పార మాత్రం చేతిలోంచి దిగలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఏడవకపోవడం ఎంత మంచిదైందో. నా కన్నీళ్లకీ ఒక బోదె తీసి ఏ బంతిమొక్కకో పెట్టేసేవారు.

ఇంట్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. పోయినవారం మిమ్మల్ని నేను నిలబెట్టి వచ్చింది నవ్వుకునే చోట కాదు. ఇంటి వెనక షెడ్డులో, మహర్నవమి పొద్దున, ఆయుధపూజకి ముందు తొట్లన్నీ కడిగే హడావిడిలో.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్లకి రెండు ముక్కలు. మా షెడ్డులో తొట్లు రెండు జాతులు. ఒకటి యాసిడ్ తొట్టి. ఇత్తడి గాజులు, గొలుసులు అందులో ముంచి తీస్తే మసి వదిలి తళతళలాడతాయి. రెండో జాతి పూత తొట్లు. వాటిలో రాగి పూత, దానిమీద బంగారు పూత వేస్తారు. ఆ పూత నీళ్లలో సైనైడ్ ఉంటుంది. అది తన తొట్టిలో తాను ఉన్నంతసేపు జాగ్రత్తగా మసలుకుంటే సరిపోతుంది. దానికి యాసిడ్ తగిలిందా, విషవాయువై పైకి లేస్తుంది. మనిషి ఇదేమిటని అడిగే లోపల మనిషిని తీసుకుపోతుంది.

షెడ్డు మొదట కట్టిన మేస్త్రి ఎవరో గానీ బుద్ధిమంతుడు. యాసిడ్ కడిగిన నీళ్లు పడమర గుంటలోకి, పూత నీళ్లు తూర్పు గుంటలోకి వెళ్లేలా రెండు కాలువలు కట్టాడు. తూర్పు గుంట పక్కనే గోడ, గోడ అవతల ఆడవాళ్లు గొలుసులల్లే వీధి. రెండు కాలువలు ఎందుకో మాత్రం చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ రెండు కాలువలని చూసినప్పుడల్లా మా మావయ్యగారి చెయ్యి పార మీదకి పోయేది. ఒక చేనుకి రెండు మురుగు కాలువలా అని. చివరికి పోయిన పక్షంలో రెంటినీ కలిపి తూర్పు గుంటలోకే తిప్పేశారు. గుంట మీద బండలు కూడా పరిపించారు, చూడ్డానికి నీటుగా ఉంటుందని. కెమిస్ట్రీతో బీయెస్సీ ప్యాసైన కోడలు వద్దు మొర్రో అంది. కోడలు పప్పులో ఉప్పు తక్కువైందన్నా వింటారు గానీ కాలువ సంగతి చెబితే ఎవరు వింటారు?

మామూలు రోజుల్లో ఏ తొట్టి నీళ్లు ఆ పూట కొంచెం కొంచెం పోతాయి కాబట్టి ఇన్నాళ్లూ గడిచింది. ఆయుధపూజ రోజు అలా కాదు. తొట్లన్నీ ఒకే పూట వంచేసి, తోమి, బోర్లించి, పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఆ పొద్దున బంగారు పూత నీళ్లని మావయ్యగారు ఉయ్యాల్లోంచి పసిబిడ్డని తీసినంత పదిలంగా డబ్బాల్లోకి ఎత్తించారు. పాడైపోయిన రాగి తొట్టి నీళ్లని మాత్రం కాలువలోకి వంపించేశారు. తర్వాత వంతు యాసిడ్ తొట్టిది. నేను పసుపు కుంకుమల పళ్లెంతో పెరటి గుమ్మంలోకి వచ్చేసరికి నలుగురు మనుషులు దాని నాలుగు మూలలా చేతులు వేసి, ఊ అంటే వంచడానికి సిద్ధంగా ఉన్నారు.

ఆగండి అంటే ఆగరని నాకు తెలుసు. మా ఇంట్లో నా 'ఆగండి'కి కుక్కర్ కూతకున్న విలువ కూడా లేదు. అందుకని ఏమీ అనలేదు. గబగబా నడిచి వెళ్లి, ఆ తొట్టి అంచుకి ఇంత పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, కింద ఒక బంతిపువ్వు ఉంచి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాను. హారతి ఒక్కటీ ఇవ్వలేదు. దాని దగ్గర నిప్పు వెలిగించేంత భక్తి నాకు లేదు.

కళ్లు తెరిచేసరికి ఎనిమిది చేతులూ తొట్టి మీంచి లేచిపోయి ఉన్నాయి.

ఆయుధపూజ చేసే ఇళ్లవాళ్లకి నేను వివరించక్కర్లేదు. ఒకసారి బొట్టు పడ్డాక ఆ పనిముట్టుని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. పట్టకారైనా సరే, పెద్ద మిషనైనా సరే. మా షెడ్డులో ఈ నియమానికి ఎంత గౌరవమంటే, పోయినేడు బొట్టు పెట్టిన స్కూటర్ని తీయకూడదని మా ఆయన బస్టాండు దాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చాక నా చేత కాళ్లకి కొబ్బరినూనె రాయించుకున్నారు. మా పనివాడు దుర్గాశ్రీనివాస్ అయితే ఆ పొద్దున ఇంకో అడుగు ముందుకేసి చెప్పులు కూడా విప్పేశాడు. యాసిడ్ ఒలికిన నేల మీద. వేసుకో నాయనా, అమ్మవారు ఏమీ అనుకోదని నేనే బతిమాలాల్సి వచ్చింది.

ఈ దుర్గాశ్రీనివాస్ కోడూరు అవతల సముద్రం ఒడ్డు పల్లె కుర్రాడు. తాతతండ్రులు వేటకి వెళ్లిన వంశంలో నగలకి మెరుగు పెట్టడానికి వచ్చిన మొదటివాడు. పండక్కి ఇంటికి తీసుకుపోదామని వాళ్లమ్మ పోలమ్మ తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, పని అయ్యేదాకా మా నూతి దగ్గర కూర్చుని ఉంది.

మావయ్యగారు పంచె ఎగ్గట్టుకుని షెడ్డులోకి వచ్చారు. తొట్టిని చూశారు, పసుపుని చూశారు, నన్ను చూశారు.

"కడగని తొట్టికి పూజేంటమ్మాయ్?"

"తొందరపడ్డానండి మావయ్యగారూ. ఇంక రేపు ఉద్వాసన దాకా కదపకూడదుగా."

ఆయన వెర్రిబాగులవారేం కారు. అంతమంది ఎదుట పసుపు కుంకుమలని కాదనలేక, నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి, కావాలనే చేశావు కదూ అన్నారు. అవునన్నాను. అబద్ధమాడితే నమ్మేవారు. నిజం చెప్పేసరికి మా ఆయన వంక చూశారు. మా ఆయన రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడటంలో మొనగాడు. ఆ సమయానికి ఆయన పళ్లెంలో బంతిపూలు లెక్కపెట్టుకుంటున్నారు.

నేను పాఠం మొదలుపెడితే ఆయన వినరు. కాబట్టి ఆయన భాషలోనే అడిగాను. "ఎండ్రిన్ పురుగుమందు కొట్టిన చేలో నీళ్లు చేపల చెరువులోకి వదులుతారా మావయ్యగారూ?"

"ఎవడు వదులుతాడు?"

"చెరువులో నీళ్లు మంచివే. చేలో నీళ్లూ పంటకి మంచివే. రెండూ కలిస్తే చేపలు తేలిపోతాయి. ఆ గుంటలో ఇప్పుడు రాగి తొట్టి నీళ్లున్నాయి. వాటికి యాసిడ్ తగిలితే తేలేది చేపలు కాదు."

ఆయన వంగి కాలువ వైపు చూశారు. గెలిచాననే అనుకున్నాను. ఆయనకి కోపం వచ్చింది నా కెమిస్ట్రీ మీద కాదని తర్వాత అర్థమైంది. తన కాలువని తప్పు పట్టినందుకు. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు, ఉప్పునీళ్లు దిగక చేలన్నీ తెల్లబారిపోతుంటే, గుడివాడ నుంచి మనుషుల్ని వేసుకుని వెళ్లి, వాలు చూసి గండి కొట్టి, ఆ నీళ్లని మళ్లీ సముద్రంలోకి తోలిన మనిషి ఆయన. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. పోలమ్మ తన కొడుకుని ఏ ఫ్యాక్టరీకీ పంపకుండా మా షెడ్డుకి పంపింది ఆ పేరు మీదే. నేను తవ్వించిన కాలువ ఇంతవరకు ఎవరికీ చెడు చెయ్యలేదమ్మాయ్ అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు.

"అంత విషం ఉంటే వాసన రావద్దూ? ఏదీ వాసన?" అని గట్టిగా గాలి పీల్చి చూపించారు.

ఆ వాసన కొందరి ముక్కులకి పుట్టుకతోనే అందదనీ, అందినవాళ్లకి కూడా అందేసరికి ఆలస్యమైపోతుందనీ చెప్పబోతున్నాను. అంతలో షెడ్డు అవతల నుంచి కేక. కాలువ నిండిపోయి నీళ్లు వెనక్కి తన్నుతున్నాయట. రాగి తొట్టి అడుగున పేరుకున్న మడ్డి వెళ్లి గుంట మూతి దగ్గర అడ్డం పడింది. కాలువలో నీళ్లు నిలబడిపోతే మావయ్యగారికి గుండె నిలబడిపోయినట్టే. దుర్గాశ్రీనివాస్‌ని బండ తీసి గుంటలోకి దిగి మడ్డి లాగెయ్యమన్నారు.

గుంటలోకి మనిషి దిగకూడదని అడ్డం పడ్డాను. బయటినుంచి వెదురుకర్రతో పొడవమన్నాను. పొడిచారు. అందలేదు. నిచ్చెన మీద నడుం దాకా దిగితే చాలు, యాసిడ్ తొట్టికి నువ్వు బొట్టు పెట్టేశావుగా, ఇంక భయమేంటన్నారు మావయ్యగారు. ఆ ముక్క దగ్గర నేను తడబడ్డాను. నిజమేగా, పెద్ద తొట్టి కదలదు. పూత నీళ్లు ఒక్కటే ఉంటే అంత ముప్పు లేదు. సరే అన్నానే గానీ నడుముకి మోకు కట్టందే దిగనివ్వనన్నాను. అప్పటిదాకా నూతి దగ్గర కూర్చున్న పోలమ్మ లేచి వచ్చి మోకు తానే అందుకుంది. బండకి చిక్కిన వల విడదీయడానికి మనిషి నీళ్లలోకి దిగితే వాళ్ల పడవల్లో కట్టే ముడి ఒకటి ఉందట. చంకల కింద నుంచి తిప్పి అదే కట్టింది. కొడుకు నవ్వుతూ, అమ్మా, ఇది సముద్రం కాదే అన్నాడు. ఆవిడ మోకు కొస తన చేతికి ఒక చుట్టు చుట్టుకుని, దిగు అంది.

వాడు దిగాడు. తల, భుజాలు పైకి కనిపిస్తున్నాయి. నేను వాడినే చూస్తున్నాను. అదే నా పొరపాటు.

షెడ్డు మూల రెండు ప్లాస్టిక్ బకెట్లు ఉన్నాయి. ఒకదానిలో నగలు రుద్దే కుంకుడు రసం. రెండోదానిలో పొద్దున చిన్న గాజులు ముంచడానికి తీసిన యాసిడ్. నేను పెద్ద తొట్టికి బొట్టు పెట్టి మహా తెలివైనదాన్నని మురిసిపోయాను గానీ, ఆ బకెట్‌కి పెట్టలేదు.

"ఇదుగో చూడు, ఏమవుతుందో" అన్న మాట వినిపించి తిరిగేసరికి మావయ్యగారు ఒక బకెట్‌ని కాలువలోకి వంచేస్తున్నారు. ఏ బకెట్టో చూసే వ్యవధి లేదు. అందులోది నిలబడిన నీళ్లలో కలిసిపోయింది. సరిగ్గా అప్పుడే, కింద దుర్గాశ్రీనివాస్ పొడిచిన పోటుకి మడ్డి విడిపోయి, నిలబడిన నీళ్లన్నీ ఒక్క ఉదుటున గుంటలోకి దూకాయి.

వాడు తల ఎత్తి నా వంక చూశాడు. ఏదో అనబోయాడు. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. రెండు చేతులూ నిచ్చెన వదిలేశాయి.

తర్వాత జరిగినవన్నీ ఒకేసారి జరిగినట్టు గుర్తు. పోలమ్మ మోకు బిగించి వెనక్కి పడింది. మా ఆయన, జీవితంలో ఏ విషయంలోనూ ముందు దూకని మా ఆయన, వాడిని పట్టుకోవడానికి గుంటలోకి దూకబోయారు. నేను వెనకనుంచి ఆయన చొక్కా కాలరు పట్టుకుని గుంజాను. పెళ్లయ్యాక ఆయన కాలరు పట్టుకోవడం అదే మొదలు, అదీ మామగారి ఎదుట. దిగినవాళ్లు ఇంక పైకి రారు, మోకు పట్టండి, ఊపిరి బిగబట్టి లాగండి అని అరిచాను. ఈసారి మాత్రం అందరూ విన్నారు. పోలమ్మ చేతి మీద మోకు కోసుకుపోతున్నా వదల్లేదు. నలుగురూ కలిసి లాగితే దుర్గాశ్రీనివాస్ గుంట అంచు మీదకి చేపలా వచ్చి పడ్డాడు.

అక్కడ ఆపనివ్వలేదు. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. గాలికి ఎదురుగా, నూతి అవతలకి ఈడ్చుకెళ్లమన్నాను. తడిసిన బట్టలు విప్పించి నూతి నీళ్లు గుమ్మరించాం. షెడ్డులో ఉన్నవాళ్లందరినీ వీధిలోకి తరిమాను. వాడి గుండె కొట్టుకుంటోంది. ఊపిరి మాత్రం బావిలోంచి చేదుతున్నట్టు, ఒకటి వస్తే రెండోది వస్తుందో రాదో అన్నట్టు ఉంది. పనివాళ్లలో ఒకడు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదబోతే నేనే ఆపాను. ఆ విషం ఊదినవాడికీ ఎక్కుతుంది. మా ఆయన పరుగెత్తి ఆటో తెచ్చారు. స్కూటరుకి అప్పటికే బొట్టు పెట్టేశామన్న సంగతి ఆయనకి ఆ క్షణంలో కూడా గుర్తుంది మరి.

ఆటోలో దుర్గాశ్రీనివాస్ పోలమ్మ ఒళ్లోనూ నా ఒళ్లోనూ అడ్డంగా పడున్నాడు. ముందు డ్రైవరుకి అటొకరు ఇటొకరు తండ్రీ కొడుకులు. ఇంటి సందు దాటామో లేదో మా ఆయన వెనక్కి తిరిగి, ఆసుపత్రిలో ఏం చెప్పాలో ముందే అనుకుందామన్నారు. నవమి ఉపవాసం వల్ల కళ్లు తిరిగి పడ్డాడందాం. సైనైడ్ అన్నామంటే పోలీసులొస్తారు, షెడ్డుకి తాళం పడుతుంది, ఇంతమంది నోటి దగ్గర కూడు పోతుంది. ఆయన చెప్పిన వాటిలో ఏదీ అబద్ధం కాదు, ఉపవాసం ఒక్కటి తప్ప. వాడు పొద్దున తల్లితో కూర్చుని ఇడ్లీలు తిన్నాడు, నేనే పెట్టాను.

నాకు కావలసిన సమాధానం వేరే ఉంది. "మావయ్యగారూ, మీరు పోసింది ఏ బకెట్టు?"

ఆయన రోడ్డు వైపే చూస్తూ, "కుంకుడు నీళ్లు" అన్నారు.

ఆయన చెవి వెనక చెమట కారుతోంది. జీవితంలో మొదటిసారి ఆ నీళ్లు ఎటు పోతున్నాయో ఆయన పట్టించుకోలేదు.

క్యాజువాలిటీలో డ్యూటీలో ఉన్నది డాక్టర్ దయామణిగారు. కళ్లద్దాలు తాడుకి కట్టి మెడలో వేసుకునే మనిషి. రాగానే ఆక్సిజన్ పెట్టించి, కనురెప్పలు ఎత్తి చూసి, ఏం పీల్చాడని అడిగారు. మా ఆయన ఉపవాసమన్నారు. నేను సైనైడ్ గాలి అన్నాను. ఆవిడ మా ఇద్దరినీ చూసి, భార్యాభర్తల తగువు ఇంటికెళ్లాక పెట్టుకోవచ్చన్నారు. నేను గబగబా చెప్పాను. తొట్టి, కాలువ, గుంట. ఆవిడ వింటూనే మందుల అలమార తీయించారు. తీయించి ఆగిపోయారు.

"పూత నీళ్లలో సైనైడ్ ఉందని ఒప్పుకుంటాను. యాసిడ్ తగలందే అది గాలై పైకి లేవదు. తగిలిందా లేదా? నాకు ఊహలు వద్దు."

మూతపడిన గుంటల్లో ఊపిరి తీసే గాలి ఇంకా ఎన్ని రకాలుందో, అన్నిటికీ ఒకే మందు ఎందుకు పనిచెయ్యదో ఆవిడ రెండు మాటల్లో చెప్పారు. ఆవిడ చేతిలో ఉన్న సూది మందు సైనైడ్‌కి విరుగుడు. సైనైడ్ అయితే ప్రాణం నిలబెడుతుంది. వేరే గాలైతే మాత్రం ఒంట్లో మిగిలిన కాస్త ఊపిరినీ అదే మింగేస్తుంది. తెలియకుండా ఇవ్వకూడదు, ఆలస్యంగా ఇస్తే లాభం లేదు.

ఒక బకెట్. కుంకుడు రసమా, యాసిడా. దుర్గాశ్రీనివాస్ ప్రాణం దాని దగ్గర ఆగింది. అది తెలిసినవాడు మావయ్యగారు ఒక్కరే. నేను చూశానని చెప్పేద్దామా అనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. నేను చూడలేదు. నా అనుమానం తప్పైతే ఆ సూదితో చంపింది నేనవుతాను. అంత చదువూ చదివి, ఆ క్షణంలో నాకు తెలిసింది ఏమిటంటే నాకు తెలియదని.

మావయ్యగారు గోడ పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నారు. పంచె అంచు తడిసి కాళ్లకి అంటుకుంది. మా ఆయన వెళ్లి, చెప్పండి నాన్నా, కుంకుడు నీళ్లేగా అన్నారు. ఆయన తల కొంచెం ఊపినట్టే అనిపించింది.

పోలమ్మ కొడుకు మంచం వదిలి వచ్చింది. మోకు కోసిన అరచేతిని చీర చెంగులో చుట్టుకుని ఆయన ఎదుట నిలబడింది. తిడుతుందనుకున్నాను. గొంతు కూడా పెంచలేదు.

"బాబుగారూ, ఉప్పెన నీళ్లు తీసిన చెయ్యి మీది. ఆ చేతి కింద ఉంటే మావోడికి ఏం కాదని పంపాను. మీరు కుంకుడు నీళ్లంటే కుంకుడు నీళ్లే. నేను నమ్ముతాను, డాక్టరమ్మ చేత ఆ సూది వద్దనిపిస్తాను. నా మొహం చూసి చెప్పండి."

తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవారు. ఎదురు తిట్టి ఉండేవారు కూడా. ఆవిడ నమ్ముతానంది. ఆవిడ మొహం వైపు తల ఎత్తారు. ఎత్తిన తల దించలేకపోయారు. నాకు పెళ్లయిన దగ్గర నుంచి ఆ నోట 'చూద్దాం' విన్నాను, 'కానీ' విన్నాను, 'నేను ముందే చెప్పాను' అయితే రోజూ విన్నాను. ఆ రోజు విన్నది అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"కుంకుడు నీళ్లు కాదు పోలమ్మా. యాసిడ్. పొద్దున గాజులు ముంచిన బకెట్టు. తెలిసే పోశాను. ఏమీ కాదని అమ్మాయికి చూపిద్దామని పోశాను. తప్పు నాది."

ఆఖరి రెండు మాటలు పూర్తయ్యేసరికే దయామణిగారు అక్కడ లేరు. మంచం దగ్గర సూది ఎక్కిస్తున్నారు. మేమంతా తెర ఇవతల నిలబడిపోయాం. ఎంతసేపో తెలియదు. లోపలి నుంచి ముందు ఒక దగ్గు వినిపించింది. ఆ తర్వాత పొడవాటి ఊపిరి, దాని వెనకే ఇంకోటి, ఇంకోటి, వరసగా, మామూలు మనిషి నిద్రలో తీసినట్టు. పోలమ్మ తెర తొలగించుకుని లోపలికి వెళ్లిపోయింది. అమ్మా, బస్సు వెళ్లిపోయిందా అని వాడు అడగడం, ఆవిడ ఏడుపు కలిసిన గొంతుతో వాడిని తిట్టడం వినిపించింది. దయామణిగారు బయటికి వచ్చి కళ్లద్దాలు తుడుచుకుంటూ, నిలబడతాడు, కానీ ఇవాళంతా కదపకూడదన్నారు. మా ఆయన గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చున్నారు.

నా ఒళ్లంతా ఒక్కసారి తేలికైపోయింది. మావయ్యగారి పక్కన బల్ల మీద కూలబడి, ఇంక ఫరవాలేదండి, షెడ్డులో ఎవరూ లేరు, గుంటలోది గుంటలోనే ఉంటుంది, సాయంత్రానికి సున్నం తెప్పించి పోస్తే యాసిడ్ విరిగిపోతుందని ఓదార్చబోయాను.

ఆయన ఓదారలేదు. కాళ్ల దగ్గర తడిసిన నేలని చూస్తున్నారు. వాలు ఎటుందో వెతుకుతున్నట్టు.

"ఉండదమ్మాయ్" అన్నారు.

"ఏది?"

"గుంటలో నీళ్లు. నీళ్లు పోయే దారి లేని గుంట గుంటెలా అవుతుందని, అడుగున తూము పెట్టించాను. నీకు చెప్పలేదు. మడ్డి విడిపోయిందిగా, నీళ్లు ఈపాటికి తూములోంచి పోతుంటాయి." ఆయన కాలి బొటనవేలితో నేల మీద తడిని గోడ వైపు లాగారు. "గోడ అవతల గొలుసులల్లే వీధి కాలువలోకి. ఆ కాలువ మీద బండల మీదే కదా ఆడవాళ్లంతా కూర్చుని గొలుసులల్లేది. పండగపూట పిల్లలతో సహా."

నేను అప్పటికే లేచి నిలబడ్డాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, ఈసారి దయామణిగారికీ, మా ఆయనకీ, వరండాలో ఉన్న వాళ్లందరికీ వినబడేలా అన్నారు.

"అదీ తప్పేనమ్మా. అదీ నేను చేసిన తప్పే."